గంటము నుండి జెరాక్సు వరకు: కృష్ణా డెల్టాలో ప్రతి చేసే విద్య – సంఘ చరిత్ర దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సంఘ చరిత్ర అనగానే మనము మిషనెరీల పేర్లు, బాప్తిస్మముల సంఖ్యలు, ఆలయ ప్రతిష్ఠల తేదీలు వ్రాసికొంటాము. ఆ వివరాలు ఏ కాగితము మీద, ఎవరి చేతివ్రాతలో, ఎన్ని ప్రతులుగా మనవరకు వచ్చాయో అరుదుగా ఆలోచిస్తాము. అయితే పరిశుద్ధ గ్రంథమే ఈ విషయమును దాచలేదు. రోమా పత్రికను వ్రాసిన చేయి తెర్తియుదని 16వ అధ్యాయము చెబుతుంది. యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయములో బారూకు వ్రాసిన చుట్టను రాజు కోసి నిప్పులో వేయగా, బారూకు మరల మరియొక చుట్ట వ్రాసిన సంగతి మనకు తెలుసు. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము ప్రకారము సింహాసనమెక్కిన రాజు ధర్మశాస్త్రమునకు తన కొరకు ఒక ప్రతి వ్రాసికొని దానిని దినదినము చదవవలెను.

ఈ మూడు సందర్భాలను మనస్సులో ఉంచుకొని, తాటాకు కాలము నుండి కంప్యూటరు కాలము వరకు అచ్చు, నకలు విద్యలు నడిచిన దారిని ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. మేము పరిచర్య చేయుచున్న తోట్లవల్లూరు ప్రాంతమును, దానికి దిగువనున్న మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలను కేంద్రముగా తీసికొంటున్నాము. ప్రతి దశలోను మూడు ప్రశ్నలు వేస్తున్నాము. ప్రతిని ఎవరు చేయగలిగారు? తప్పును ఎవరు దిద్దగలిగారు? ఆ ప్రతి ఎంతకాలము నిలిచింది?

1. ‘అచ్చు’ అనే మాట

అచ్చు అనే మాట మన ప్రాంతమునకు పుస్తకముల వలన వచ్చినది కాదు. ఉయ్యూరు, తోట్లవల్లూరు పరిసరాలలో చెరకు పండించే రైతుకు అచ్చు అంటే మొదట బెల్లపు అచ్చే. మచిలీపట్నం ప్రక్కనున్న పెడనలో అచ్చు అంటే కలంకారీ వస్త్రము మీద వేసే టేకు దిమ్మ. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కలముతో బొమ్మ గీస్తారు. బందరు పనివారు చెక్కిన దిమ్మను రంగులో ముంచి గుడ్డ మీద వేస్తారు. గుడ్డను కరక్కాయ నీటిలోను పాలలోను తడిపి ఆరబెట్టుట, బెల్లపు నీటిలో ఇనుప ముక్కలు నానవేసి నల్లరంగు తీయుట, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మ వాడుట, ఇదంతా తరతరాలుగా ఇక్కడ తెలిసిన విద్య. డచ్చి వర్తకులు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్నంలో స్థావరము ఏర్పరచుకొనుటకు ఈ వస్త్రాలే ముఖ్య కారణము.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఒకే పువ్వును వేలసార్లు తప్పు లేకుండా గుడ్డమీద వేయగలిగిన ఊరు, ఒకే పేజీని వందసార్లు కాగితము మీద ఎందుకు వేయలేదు? చైనాలో చెక్క దిమ్మలతో గ్రంథములను అచ్చువేయుట క్రీ.శ. 868 నాటికే బాగా సాగుతున్నది. కనుక చేతిపని చాలక కాదు. అక్షరము కొద్దిమంది సొత్తుగా ఉన్నచోట వంద ప్రతులు కావాలని అడిగేవారు లేకపోవుటే ముఖ్య కారణమని మా అభిప్రాయము. ఒక విద్య పుట్టుటకు సాధనము ఒక్కటే చాలదు, దానిని కోరే జనము కూడా ఉండాలి. ఈ సంగతి తరువాతి చరిత్రలో మరల మరల కనబడుతుంది.

2. తాటాకు, గంటము

డెల్టాలో తాటిచెట్లకు కొదువ లేదు. ఆకును ఉడికించి, ఆరబెట్టి, కొలతకు కోసి, గంటముతో గీసి, ఆ గీతలలో మసి రుద్దితే అక్షరాలు తేలుతాయి. ఆకుల మధ్య రంధ్రము చేసి త్రాడు గ్రుచ్చి, పైన క్రింద చెక్కలు పెట్టి కడితే గ్రంథము. నిలువుగీత గట్టిగా గీస్తే ఆకు చీలుతుంది గనుక మన లిపి గుండ్రముగా ఎదిగిందని పెద్దలు అంటారు.

ప్రతిని ఎవరు చేయగలిగారు? గంటము పట్టుట నేర్చిన పండితుడు, లేఖకుడు, కరణము. మిగిలినవారికి వినికిడే గ్రంథము. మొవ్వ క్షేత్రయ్య పదాలు, కూచిపూడి భాగవతుల కలాపాలు మన ప్రాంతములో ఎక్కువగా గొంతు నుండి గొంతుకు నడిచినవే.

తప్పును ఎవరు దిద్దారు? వ్రాసేవాడు చూపు జారితే ఒక పాదము పోతుంది, అర్థము కాని చోట తనకు తోచిన మాట చేరుతుంది. తరువాత వ్రాసేవాడు ఆ తప్పును కూడా భక్తితోనే ఎక్కిస్తాడు. 1820లలో మచిలీపట్నంలో కొంతకాలము ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను ఎదుర్కొన్న చిక్కు ఇదే. ఆయన జీతమిచ్చి పండితులను, లేఖకులను పెట్టి, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, పోల్చి, పాఠాలు నిర్ణయింపజేశారు. 1829లో ఆయన వేమన పద్యములు అచ్చువేయించినది ఇటువంటి శ్రమ తరువాతనే. క్రొత్త నిబంధన గ్రీకు పాఠమును నిర్ణయించుటకు పండితులు అనుసరించే పాఠ పరిశీలన పద్ధతికి ఇది దగ్గరి బంధువు. సెమినరీలో ఆ పాఠము కష్టమని తలచే విద్యార్థులు, మన భాషలోనే అటువంటి పని జరిగిందని గమనించవలెను.

ఎంతకాలము నిలిచింది? మన గాలిలో చెమ్మ, చెదలు ఆకును తినివేస్తాయి. కాబట్టి కొంతకాలమునకు ఒకసారి తిరిగి వ్రాయుట తప్పనిసరి. ఎవరూ తిరిగి వ్రాయని గ్రంథము చనిపోయినట్లే.

3. హాలే నుండి శ్రీరాంపురము వరకు

జర్మనీలోని మైంజులో గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతములో అచ్చువేసిన లాటిన్ బైబిలు సుమారు 180 ప్రతులు. మన దేశమునకు అచ్చు యంత్రము 1556లో జెసూట్ల ద్వారా గోవాకు వచ్చింది. తరంగంబాడిలో జీగెన్‌బాల్గ్ 1715లో తమిళ క్రొత్త నిబంధన ముద్రణ ముగించారు. జర్మనీ నుండి వచ్చిన తమిళ అక్షరాలు మరీ పెద్దవి కాగా, కాగితము పొదుపు చేయుటకు అక్కడే చిన్న అక్షరాలు పోతపోశారు.

తెలుగుకు ఆ భాగ్యము ఆలస్యముగా వచ్చింది. లూథరన్ మిషనెరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి 1732 నాటికి బైబిలు అనువాదము పూర్తిచేసి వ్రాతప్రతులను హాలేకు పంపారు. అవి అచ్చు కాలేదు. ఆయన స్వదేశమునకు వెళ్ళిన తరువాత హాలేలో 1746, 1747 సంవత్సరాలలో క్రైస్తవ బోధకు సంబంధించిన చిన్న పుస్తకాలను తెలుగులో అచ్చువేయించారు. తెలుగు అక్షరాలలో వెలువడిన తొలి అచ్చుపుస్తకాలు ఇవే. అయితే హాలేలో అచ్చయిన పుస్తకము కృష్ణా ఒడ్డున ఉన్న పాఠకునికి ఎంతదూరమో ఊహించుకొనవచ్చును.

విశాఖపట్నమునకు 1805లో వచ్చిన లండన్ మిషను వారు జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్‌లు ఆనందరాయర్ అనే క్రైస్తవ పండితుని సహాయముతో సువార్తల అనువాదము చేపట్టారు. క్రాన్ 1809లోను, డి గ్రాంజెస్ 1810లోను మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. అచ్చయిన ప్రతిని అనువాదకులిద్దరిలో ఒక్కరూ చూడలేదు.

అదే సంవత్సరము మార్చి 11న శ్రీరాంపురము ముద్రణాలయము అగ్నికి ఆహుతి అయింది. కాగితము, అనేక భాషల అక్షరాలు, కేరీ సిద్ధపరచిన తెలుగు వ్యాకరణముతో సహా ఎన్నో వ్రాతప్రతులు నాశనమైనవి. అయితే అక్షరాలు చెక్కిన ఉక్కు పంచులు బూడిదలో దొరికాయి. వాటి సహాయముతో కరిగిన సీసమునే మరల పోతపోశారు. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, క్రొత్త నిబంధన 1818లోను వెలువడినవి. అదే దశాబ్దములో ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువాదము మద్రాసులో అచ్చయింది. బారూకు రెండవ చుట్ట మనకు జ్ఞాపకము రాక మానదు. అయితే ఒక భేదమున్నది. బారూకుకు చెప్పుటకు యిర్మీయా బ్రతికి ఉన్నాడు. శ్రీరాంపురము వారికి మూలమైన పంచులు మిగిలాయి. మూలము మిగిలినప్పుడే నకలు మరల పుడుతుంది.

4. సీసపు అక్షరాల కాలము

సి.ఎం.ఎస్. మిషనెరీలు రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. 1843లో నోబుల్ పాఠశాల ఆరంభమయింది. పాఠశాలతో పాటు పుస్తకమును కోరే జనము పుట్టారు. మొదటి భాగములో మనము చూచిన లోటు ఈ విధముగా తీరుట ఆరంభించింది. 1835లో బళ్ళారి క్రైస్తవులు వెలువరించిన ‘సత్యదూత’ను చరిత్రకారులు తొలి తెలుగు పత్రికలలో ఒకటిగా లెక్కిస్తారు. బ్రౌను నిఘంటువు 1852లో మద్రాసులో క్రైస్తవ విజ్ఞాన సంఘము ముద్రణాలయములో అచ్చయింది. 1902లో మచిలీపట్నంలో ‘కృష్ణా పత్రిక’ పుట్టింది. ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుండి 1945 వరకు దాని సంపాదకులు. మిషను తెచ్చిన పనిముట్టు స్వాతంత్ర్యోద్యమము చేతిలో కూడా పనిచేసింది. పనిముట్టు ఎవరిపట్ల పక్షపాతము చూపదు.

తెలుగు కంపోజిటరు పని ఇంగ్లీషు కంపోజిటరు పని కంటె చాలా కష్టము. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి కేసులో వందలకొలది గళ్ళు ఉండేవి. ఒక్కొక్క అక్షరమును తలక్రిందుగా చూచి ఏరి, స్టిక్కులో పేర్చి, గ్యాలీలో కట్టి, ప్రూఫు తీసి, దిద్ది, ఫారము బిగించి ట్రెడిల్ మీద కొట్టాలి. పని ముగిసిన తరువాత ప్రతి అక్షరమును తిరిగి దాని గడిలో వేయాలి. చేతికి సీసము, ముఖమునకు సిరా. మన బైబిళ్ళను, కీర్తనల పుస్తకములను పేర్చిన ఈ కార్మికుల పేర్లు ఏ ముందుమాటలోను కనబడవు.

అచ్చు మన మూడు ప్రశ్నలకు క్రొత్త జవాబులు ఇచ్చింది. ప్రతులన్నీ ఒకేరీతిగా ఉండుట వలన కాపరి ‘ఫలాని అధ్యాయము, ఫలాని వచనము’ అంటే సంఘమంతా ఒకే చోటు తెరవగలిగింది. ప్రూఫులో తప్పు దిద్దితే వెయ్యి ప్రతులలో దిద్దినట్లే, వదిలితే వెయ్యింటిలో వదిలినట్లే. ఇక ప్రతులు ఎక్కువగుట వలన ఒక ఊరిలో చెదలు తిన్నా మరియొక ఊరిలో మిగిలేది. 1864 నవంబరు 1న మచిలీపట్నమును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మంది ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది మంది కొట్టుకొనిపోయారు. అటువంటి దినాలలో ప్రాణము పోయినచోట కాగితమును గూర్చి ఎవరు అడుగుతారు? అయినను అచ్చు పుస్తకమునకు వేరొకచోట జత ఉంటుంది. ఒకే ఒక చేతివ్రాత పుస్తకమునకు ఉండదు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి.

5. మైనపు కాగితము మీద మరల గంటము

అచ్చుకూటమునకు వెళ్ళుటకు డబ్బు, సమయము, కనీసము కొన్ని వందల ప్రతుల అవసరము ఉండాలి. ఇరవై గ్రామాల సంఘ పెద్దలకు ఒక సమాచారము పంపవలసిన కాపరికి అవి ఉండవు. ఈ ఖాళీని సైక్లోస్టైలు నింపింది. డేవిడ్ గెస్టెట్‌నర్ 1881లో లండనులో దీనికి పేటెంటు పొందారు. మైనపు కాగితము మీద గీసినచోట మైనము లేచిపోతుంది. ఆ సందుగుండా సిరా క్రింది కాగితము మీదికి దిగుతుంది.

తెలుగు టైపు యంత్రము అందుబాటులో లేని చోట స్టెన్సిలు మీద ఇనుప ములికితో చేతితోనే వ్రాసేవారు. గట్టిగా నొక్కితే కాగితము చినుగుతుంది, మెల్లగా వ్రాస్తే అక్షరము పడదు. అది తాటాకు మీద గంటము పనే, రూపము మారి మరల వచ్చింది. ఉజ్జీవ సభల కరపత్రాలు, సండేస్కూలు పాఠాలు, స్త్రీల సమాజపు పాటలు, బైబిలు పాఠశాలల నోట్సు ఎంతోకాలము ఈ విధముగానే నడిచాయి. ఒక గ్రామ కాపరి తన సంఘమునకు తానే ముద్రాపకుడగుట ఇదే మొదలు. కాని ఆ కాగితాలు చౌకరకము. సిరా నూనె కాగితములోనికి ప్రాకి, కొన్ని దశాబ్దాలకే పసుపుబారి విరిగిపోతున్నాయి. మన సంఘాల చరిత్రలో అతి తక్కువగా మిగిలినవి ఇవే.

6. జెరాక్సు: చదవకుండా చేసే నకలు

న్యూయార్కులో పేటెంటు పనిలో ఉన్న చెస్టర్ కార్ల్‌సన్‌కు పత్రాలు చేతితో నకలు తీయుట పెద్ద బాధ. 1938 అక్టోబరు 22న ఆయన, సహాయకుడు ఆటో కోర్నై గంధకము పూసిన జింకు రేకు మీద విద్యుదావేశముతో, పొడితో, ఆ దినపు తేదీని, ఆస్టోరియా అనే తమ పేట పేరును నకలు తీశారు. ఎన్నో కంపెనీలు కాదన్న తరువాత హాలాయిడ్ సంస్థ దీనిని చేపట్టింది. 1959లో ‘జెరాక్స్ 914’ యంత్రము వెలువడింది. మన దేశములో మోడీ జెరాక్స్ 1983లో స్థాపితమయింది. తరువాతి సంవత్సరాలలో తాలూకా కార్యాలయము ఉన్న ప్రతిచోట జెరాక్సు షాపు వెలసింది. ఒక కంపెనీ పేరు తెలుగులో ‘నకలు’ అను మాటనే ప్రక్కకు నెట్టింది.

లేఖకుడు తప్పు వ్రాయవచ్చును గాని, వ్రాసినంత మేర చదివాడు. కంపోజిటరు తలక్రిందుగానైనా చదివాడు. స్టెన్సిలు గీసినవాడు చదివాడు. జెరాక్సు తీసినవాడు చదవనక్కరలేదు. నకలు చేయుట, చదువుట అను రెండు పనులు విడిపోయాయి. రాజు తన చేతితో ధర్మశాస్త్రము వ్రాసికొనవలెనన్న ఆజ్ఞలోని ఉద్దేశము ప్రతి ఒకటి పెరగాలని కాదు, వ్రాయుచుండగా వాక్యము హృదయములోనికి దిగాలని. పరీక్షల ముందు స్నేహితుని నోట్సును జెరాక్సు తీయించి సంచిలో పెట్టుకొనుటతో ఊరట పొందే విద్యార్థులు, ప్రసంగమును ఫోనులో వచ్చినది వచ్చినట్లు చదివే కాపరులు ఈ మాట ఆలోచించవలెను.

7. కంప్యూటరు, ఫాంటు, యూనికోడు

1985లో పేజ్‌మేకర్, లేజర్ ప్రింటరు కలిసి వచ్చుటతో డి.టి.పి. పుట్టింది. 1990లలో అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్లు వ్యాపించాయి. సీసపు కేసులు తూకమునకు పోయాయి. వందల గళ్ళ కేసు ఒక కీబోర్డులో ఇమిడింది. సంఘ పత్రికలు, శుభలేఖలు, సభల పోస్టర్లు బందరులోను గుడివాడలోను ఒక్క దినములో తయారగుట సాధ్యమయింది.

కాని ఆ ఫాంట్లలో లోపమొకటి ఉన్నది. ఒక్కొక్క సంస్థ అక్షరాలకు తనకు తోచిన సంకేతాలు ఇచ్చుకొన్నది. అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు బదులు అర్థము లేని గుర్తులు కనబడతాయి. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగుకు స్థానము ఏర్పడింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో సామాన్యుని కంప్యూటరుకు ఆ సౌకర్యము వచ్చింది. ఈనాడు ఫోనులో తెలుగు బైబిలు వెదికి చదువుకొనుట దీని ఫలమే. అయితే మధ్యకాలములో పాత ఫాంట్లలో కూర్చి ఫ్లాపీలలో దాచిన సంఘ పత్రికలు, శతాబ్ది సంచికలు ఏమయ్యాయి? నూరేండ్ల నాటి సీసపు అచ్చును తాత, మనుమడు ఇద్దరూ చదువగలరు. పాతికేండ్ల నాటి ఫ్లాపీని చదివే యంత్రమే దొరకదు. నకలు తేలికగుట, నిలకడ పెరుగుట ఒకటి కాదని దీనివలన తెలుస్తున్నది.

8. మన బీరువాలోని ఏకైక ప్రతి

ఇంతవరకు చెప్పిన చరిత్ర అంతటికీ వెలుపల ఒక పుస్తకము మిగిలిపోయింది. అది గ్రామ సంఘపు రిజిస్టరు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము వివాహములను పుస్తకములో నమోదుచేసి, వాటి వివరములు ప్రభుత్వమునకు పంపు బాధ్యత పెట్టింది. అందుచేత వివాహ రిజిస్టరుకు కొంతమట్టుకు జత ఉన్నది. బాప్తిస్మ రిజిస్టరుకు, సమాధి రిజిస్టరుకు, సంఘ కమిటీ మినిట్సుకు చాలాచోట్ల జత లేదు. అచ్చు యుగములో, జెరాక్సు యుగములో, కంప్యూటరు యుగములో కూడా అవి తాటాకు కాలములోనే ఉన్నాయి.

వీటి విలువ ఏమిటి? డెల్టా సంఘాలలో అధిక సంఖ్యాకులు మాలపల్లి, మాదిగపల్లి నుండి వచ్చిన కుటుంబాలు. భూమి లేనివారి పేరు భూమి లెక్కలలో ఉండదు. బడికి వెళ్ళనివారి పేరు బడి రిజిస్టరులో ఉండదు. వారి తాత పేరు, అవ్వ పేరు, ఇంటి పేరు, ఊరు, తేదీ ఒకే వరుసలో గౌరవముగా వ్రాసిన పుస్తకము అనేక కుటుంబాలకు బాప్తిస్మ రిజిస్టరు ఒక్కటే. పింఛనుకో, వారసత్వమునకో పుట్టిన తేదీ కావలసి వచ్చినప్పుడు పాత తరమువారు మన వద్దకు వచ్చుట కాపరులందరికీ అనుభవమే.

మరి ఆ పుస్తకాలు ఎక్కడున్నాయి? పాస్టరు గారి ఇంటి బీరువాలోనో, గుడి వెనుక గదిలో ట్రంకు పెట్టెలోనో. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో అది 11.43 లక్షలకు చేరింది. రెండు మారులు తోట్లవల్లూరు లంకలలోనికి నీరు వచ్చింది. కరకట్టకు లోపల ఉన్న ఊరిలో ఏకైక ప్రతిని నేలమీద పెట్టెలో ఉంచుట ఎంత అపాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

కావున కొన్ని సూచనలు చేస్తున్నాము. మొదటిది, 1970కి ముందటి రిజిస్టర్లతో మొదలుపెట్టి ప్రతి పేజీని ఫోనుతోనైనా పగటి వెలుతురులో ఫొటో తీయవలెను. రెండవది, ఆ ప్రతులను కనీసము రెండు వేరువేరు ఊళ్ళలో, ఒకటి నదికి దూరముగా ఉంచవలెను. మూడవది, సెమినరీ విద్యార్థులు సెలవులలో తమ సంఘపు రిజిస్టరు ఒకదానిని తమ చేతితో యూనికోడ్ తెలుగులో ఎక్కించవలెను. ఫొటో కాపాడుతుంది గాని చదవదు. ఎక్కించేవాడు చదువుతాడు. నాలుగవది, మూల పుస్తకమును పారవేయరాదు. అది మన పంచు. చివరిది, ఇవి జనుల సొంత సంగతులు గనుక పేర్లు, తేదీలు బహిరంగముగా పంచిపెట్టరాదు. సంబంధిత కుటుంబము అడిగినప్పుడే చూపవలెను.

ముగింపు

గంటము నుండి ఫోను వరకు ప్రతి చేయుట తేలికయింది, చవుకయింది, ఎక్కువమంది చేతికి వచ్చింది. అందును బట్టి దేవుని స్తుతించవలసినదే. అక్షరము అందనివారికి అక్షరము అందుటలో అచ్చు చేసిన సేవ చిన్నది కాదు. కాని తప్పు దిద్దుట, చదువుట, కాపాడుట అను మూడు పనులను ఏ యంత్రమూ మన బదులు చేయలేదు. పౌలు చెరసాల నుండి తిమోతికి వ్రాస్తూ, అంగీతో పాటు పుస్తకాలను, ముఖ్యముగా చర్మపు కాగితాలను వెంట తెమ్మని కోరినట్లు రెండవ పత్రిక 4వ అధ్యాయములో చూస్తాము. చలికాలము దగ్గరపడుచున్నది, మరణము కూడ దగ్గరపడుచున్నది, అయినను ఆయన కాగితాలను మరువలేదు. వచ్చే వర్షాకాలమునకు ముందే మనలో ప్రతి ఒక్కరము సంఘపు బీరువా ఒకసారి తెరచి చూచెదము గాక.